పూతరేకుల పక్కన సిమెంటు రేకులు

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా ముందు నోరూరుతుంది. "ఓహో, పూతరేకుల ఊరా!" అంటారు. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో నాకూ అంతే. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క విసురున లాగి, చిటికెలో పొర లేపే ఆడవాళ్ళ చేతులు. ఆ చేతుల వేగం చూస్తూ కూచుంటే పొద్దు తెలిసేది కాదు. 2023లో మా పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా అత్తయ్యగారు, "ఇప్పుడు కొత్తగా గుర్తించేదేమిటే, మనకి తెలియదా?" అని నవ్వారు.

అయితే ఈ వారం నేను చెప్పబోయేది ఇంకో రకం రేకుల సంగతి. మన వంటింటి వసారా మీద, పశువుల సావిడి మీద, బాత్‌రూమ్ మీద ఏళ్ళ తరబడి ఉన్న సిమెంటు రేకుల సంగతి. వాటి కింద వండుకుంటాం, వాటి మీద ఒడియాలు ఎండబెట్టుకుంటాం. అవి దేంతో చేస్తారని నేనెప్పుడూ అడగలేదు. మొన్న మాఘమాసంలో మా ఇంట్లో పని పెట్టుకున్నాక అడగాల్సి వచ్చింది.

తుపాను తెచ్చిన రేకులు

మాది ముందువైపు పెంకుటిల్లు. వెనక వంటింటి వసారా, దాన్ని ఆనుకుని పాత సావిడి. ఒకప్పుడు ఆ రెండూ తాటాకువేనట. 1996 నవంబరు 6 రాత్రి, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, కోనసీమని తుడిచిపెట్టిన తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా పుట్టింట్లో మంచం కింద దూరి, కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విరుగుతున్న చప్పుడు వింటూ తెల్లవార్లూ కూచున్నాం. ఇక్కడ మా అత్తవారింట్లో తాటాకు వసారా ఎటు పోయిందో జాడ కూడా దొరకలేదట.

తుపాను తర్వాత అందరిదీ ఒకే మాట, సిమెంటు రేకు వేయించుకుందామని. తాటాకులా ఏడాదికోసారి నేయక్కర్లేదు, నిప్పంటుకోదు, చెద పట్టదు, ఇనప రేకులా తుప్పు పట్టదు. ధర కూడా అందుబాటులోనే ఉండేది. మా మామగారు రావులపాలెం నుంచి రేకులు తెప్పిస్తే, ఊళ్ళో పెద్ద మేస్త్రి వచ్చి రంపంతో కొలతకి కోసి, కన్నాలు పెట్టి, హుక్కులు బిగించి నాలుగు రోజుల్లో వసారా నిలబెట్టేశాడట. "ఆ నాలుగు రోజులూ పెరడంతా ముగ్గుపిండి జల్లినట్టు తెల్లగా ఉండేది. రోజూ నేనే ఊడ్చేదాన్ని" అని అత్తయ్యగారు ఎన్నోసార్లు చెప్పారు. అందులో వినాల్సినదేదో ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

ఒక పూట పని

ఇప్పుడు వసారా తీసేసి శ్లాబు వేద్దామనుకున్నాం. పెద్ద మేస్త్రికి ఒంట్లో బాగుండటం లేదు. ఆయన కొడుకు, ఇద్దరు కూలీలని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇదెంత పనండీ అమ్మగారూ! పూటలో కొట్టి అవతల పారేస్తాం" అన్నాడు.

పెద్ద మేస్త్రి కూడా వచ్చి మా అరుగు మీద కూచున్నాడు. తాను కట్టిన వసారా కదా, తీస్తుంటే చూడాలనిపించిందేమో. నాలుగు మాటలకోసారి దగ్గు. పక్కన ఆయన భార్య మజ్జిగ చెంబుతో.

హుక్కులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. చిన్న మేస్త్రి కటింగ్ మిషన్ తీసి హుక్కు చుట్టూ రేకుని కోయడం మొదలెట్టాడు. కోసింది కోసినట్టు సుత్తితో కొట్టి కిందకి తోసేస్తున్నారు. తెల్లటి దుమ్ము పొగలా లేచింది. నేను అందరు ఇల్లాళ్ళూ చేసే పనే చేశాను. వంటింటి తలుపులు మూసి, బియ్యం డబ్బా మీద మూత సరిగ్గా ఉందో లేదో చూశాను.

పక్కింటి పిన్నిగారు పూతరేకులు తీసి అమ్ముతారు. గోడ అవతల నుంచి ఆవిడ కేకేశారు. "అమ్మాయ్, కాస్త చూసి కొట్టించమ్మా, ఇటంతా పడుతోంది. తెల్లదుమ్ము తెల్లరేకు మీద పడితే నాకు కనపడి చావదు!"

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. అప్పుడే మేస్త్రి భార్య అరుగు మీద నుంచి, ఎవరితోనో అన్నట్టు అంది: "ఈ దుమ్ము గురించేనండి డాక్టరుగారు అడిగింది."

"ఏమడిగారు పెద్దమ్మా?"

"ఈయనకి క్షయ పరీక్షలన్నీ చేశారండి. ఏమీ లేదన్నారు. ఫొటో చూసి, ఏం పని చేశావు, రేకులు కోశావా అని అడిగారు. తాపీ పనండి, రేకులూ కోశానండి అంటే తల ఆడించి, ఆ దుమ్ము జోలికి ఇంక పోకు అన్నారు. అంతకంటే మాకేం అర్థమయిందండీ."

రేకుల దుమ్ముకీ దగ్గుకీ సంబంధం ఏమిటి? మా పెద్దమ్మ కూతురు ఊపిరితిత్తుల డాక్టరు. వెంటనే ఫోన్ చేశాను. నేను చెప్పింది సగం విని, "ముందు ఆ మిషన్ ఆపించు. తర్వాత మాట్లాడదాం" అంది. అక్క ఆ గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

పని ఆపమన్నాను. ఇంట్లో గొడవే అయింది. "ముగ్గురి కూలీ ఊరికే పోతుంది" అన్నారు మావారు. "ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ రేకుల కిందే వండుతున్నాను, నాకేమయిందే?" అన్నారు అత్తయ్యగారు. చిన్న మేస్త్రి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మేం ఎన్నిళ్ళకి చేశామండీ, ఎవరూ ఇలా అనలేదు" అన్నాడు. ఆ పూట కూలీ మొత్తం ఇచ్చి, రేపు రమ్మని పంపించాను.

రాయి, నార

ఆ సాయంత్రం అక్క ఫోన్లో చెప్పింది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

మనం సిమెంటు రేకులంటాం గానీ వాటి పూర్తి పేరు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు. ఆస్బెస్టాస్‌కి తెలుగులో చక్కటి పేరుంది, రాతినార. పేరుకి తగ్గట్టే అది భూమిలో దొరికే రాయి. కానీ గోగునారలా పోగులు పోగులుగా విడిపోతుంది. నిప్పుకి కాలదు, నీటికి నానదు, కుళ్ళదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ ఈ రాయి ఉంది. మట్టిగోడ పగలకుండా మన పెద్దవాళ్ళు మట్టిలో గడ్డి, ఊక కలిపి తొక్కేవారు చూడండి, సిమెంటు రేకులో రాతినార చేసే పనీ అదే. బరువులో ఇంచుమించు పదో వంతు నార ఉంటే చాలు, అంత పల్చటి రేకు అంత గట్టిగా నిలుస్తుంది. 1946లో హైదరాబాద్‌లో ఈ రేకుల కంపెనీ పుట్టింది. ఆ తర్వాత ఊరూరా బళ్ళు, గోదాములు, రైసు మిల్లులు, పేదల ఇళ్ళు వీటి కిందికే వచ్చాయి.

నేను డిగ్రీ చదివేటప్పుడు లేబొరేటరీలో బర్నర్ మీద పెట్టే తీగవల మధ్యలో తెల్లటి బిళ్ళ ఉండేది గుర్తుందా? అదీ ఆస్బెస్టాసే. పరీక్షలో దాని గురించి రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. "కాలదు" అని రాశాను. ఊపిరితిత్తుల్లో అరగదని ఎవరూ చెప్పలేదు.

అసలు చిక్కంతా అక్కడే. రేకు చెక్కుచెదరకుండా ఇంటి మీద ఉన్నంతకాలం నార సిమెంటులో బిగిసి ఉంటుంది. కోసినా, కన్నం పెట్టినా, అరగదీసినా, పగలగొట్టినా నార దుమ్ములో కలిసి గాలిలోకి లేస్తుంది. ఆ పోగులు మన తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. కంటికి ఆనవు. గాలి కదలని చోట గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. పీల్చినవాటిలో కొన్ని ఊపిరితిత్తుల లోతుకి చేరి అక్కడే ఉండిపోతాయి. ఒంట్లో రక్షణ కణాలు వాటిని మింగబోయి మింగలేక దెబ్బతింటాయి. ఆ చుట్టూ వాపు, తర్వాత మచ్చ, ఏళ్ళు గడిచేసరికి ఊపిరితిత్తి గట్టిపడిపోవడం. దీన్నే ఆస్బెస్టోసిస్ అంటారు. ఊపిరితిత్తుల కాన్సరు రావచ్చు. మీసోథీలియోమా అని ఊపిరితిత్తులని కప్పి ఉండే పొరకి వచ్చే కాన్సరు ఇంకొకటి. అరుదుగా వస్తుంది, వస్తే మాత్రం చాలా చెడ్డది.

ఇవేవీ ఇవాళ పీలిస్తే రేపు వచ్చే జబ్బులు కావు. ఇరవై, ముప్ఫయ్, నలభై ఏళ్ళు పట్టవచ్చు. అందుకే "ఇన్నాళ్ళూ ఏం కాలేదుగా" అన్న మాట ఇక్కడ చెల్లదు. దీనికి బీడీ, సిగరెట్టు తోడైతే ఊపిరితిత్తుల కాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. తెల్ల రాతినార, నీలం రాతినార అని రకాలున్నాయి. అన్ని రకాలూ కాన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది.

చొక్కా ఉతికిన చేతులు

ఈ దుమ్ము గురించి మొట్టమొదట హెచ్చరించిన వారిలో ఒకరు స్త్రీ. 1898లో లూసీ డీన్ అనే బ్రిటిష్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఈ దుమ్ము పనివాళ్ళ ఆరోగ్యాన్ని పాడుచేస్తోందని నివేదిక రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. 1924లో ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్ళో నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 33 ఏళ్ళకే చనిపోయింది. చిన్నప్పటి నుంచీ రాతినార మిల్లుల్లో నూలు వడికిన మనిషి. ఆమె ఊపిరితిత్తులని పరీక్షించిన డాక్టరు రాసిన వ్యాసంతోనే ఈ జబ్బు వైద్యశాస్త్రంలో గట్టిగా నమోదయింది.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. 1965లో లండన్‌లో మ్యూరియెల్ న్యూహౌస్, హిల్డా థామ్సన్ మీసోథీలియోమా రోగుల వివరాలు సేకరించారు. వారిలో కొందరు ఫ్యాక్టరీ గడప తొక్కినవాళ్ళు కారు. వారి ఇంట్లో మనిషి ఆ పనికి వెళ్ళేవాడు. వాళ్ళలో ఎక్కువమంది, మొగుడు పనికి తొడుక్కున్న బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ళు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి భార్య వస్తే అడిగాను, "పెద్దమ్మా, అప్పట్లో ఆయన పని బట్టలు ఎలా ఉతికేదానివి?"

"ఎలా ఏముందండీ. సాయంత్రం వచ్చేసరికి మనిషి బూడిద పూసుకున్న సాధువులా ఉండేవాడండి. గుమ్మంలోనే చొక్కా విప్పించి, నాలుగు సార్లు గట్టిగా దులిపేదాన్ని. ఆ తర్వాతే కాలవకి. దులపకపోతే నీళ్ళలో ముద్దయిపోద్ది కదండీ."

"పిల్లలు?"

"చంకలో ఉండేవాళ్ళండి" అంది, మామూలుగానే. తర్వాత నా ముఖం చూసి ఆగిపోయింది.

ఆవిడని భయపెట్టానని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను. అక్కకి మళ్ళీ ఫోన్ చేస్తే ధైర్యం చెప్పింది. దుమ్ము పీల్చిన ప్రతివాళ్ళకీ జబ్బు రాదు. ఎంత దుమ్ము, ఎన్నేళ్ళు అన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. రేకుల కింద కాపురం చేసినంత మాత్రాన హడలిపోనక్కర్లేదు. రోజూ అదే పని చేసేవాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఎక్కువ ముప్పు. అంటే మా అత్తయ్యగారి మాటలో సగం నిజమే. ఆవిడ ఆ రేకుల కింద ఇరవై ఎనిమిదేళ్ళు వండారు. మేస్త్రి మాత్రం అలాంటి వసారాలు ఎన్నో కోశాడు.

చట్టం ఎంతవరకు?

యూరోపియన్ యూనియన్ 2005 నుంచి, ఆస్ట్రేలియా 2003 చివరి నుంచి, కెనడా 2018 నుంచి రాతినారని నిషేధించాయి. మన పొరుగున నేపాల్ కూడా 2015లో ఆపేసింది. అమెరికా ఇప్పటికీ వాడుకలో ఉన్న తెల్ల రాతినార మీద 2024లో నిషేధం ప్రకటించింది. మన దేశంలో గనుల కొత్త లీజులు 1986 నుంచే ఆగిపోయినా, తెల్ల రాతినార బయటి దేశాల నుంచి దిగుమతి అవుతూనే ఉంది. రేకులు తయారుచేయడం, అమ్మడం నేరం కాదు.

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. రాతినార పరిశ్రమల్లో పనిచేసే ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలూ కనీసం 40 ఏళ్ళు, లేదా పని మానేశాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం యాజమాన్యం భద్రపరచాలని ఆదేశించింది. చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో ఆస్బెస్టోసిస్ ఒకటి కూడా. అంతా బాగానే ఉంది. కానీ మా పెద్ద మేస్త్రి ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేయలేదు. ఆయన పేరు ఏ రిజిస్టరులో ఉంటుంది? ఆయనకి యజమాని ఎవరు? నాలుగు రోజులు మేము, ఇంకో నాలుగు రోజులు ఎదురింటివాళ్ళు.

అంటే ఆ నాలుగు రోజులకీ యజమానులం మనమే కదా!

రెండో రోజు పని

ఆ మాట మావారితో అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి మందపాటి ప్లాస్టిక్ పట్టా, దుమ్ముని ఆపే ఫిల్టరు మాస్కులు తెచ్చారు.

పిన్నిగారికి ముందే చెప్పాం. ఆ పూట ఆవిడ కుండ వెలిగించలేదు. నష్టం మేమిస్తామంటే, "చాల్లే, నా బుట్టలో దుమ్ము పడకుండా చూశావు, అదే పదివేలు" అన్నారు. మొదటి రోజు తీసిన రేకులు మాత్రం ఆవిడ ఒక్కటీ అమ్మలేదు. ఆ డబ్బు ఎంత చెప్పినా తీసుకోలేదు.

చిన్న మేస్త్రి మొదట్లో విసుక్కున్నాడు. రేకులని గొట్టంతో సన్నగా నీళ్ళు జల్లి తడిపాం. మిషన్ పక్కన పెట్టించి, రేకు బదులు హుక్కులనే మరలు తిప్పి, రానివాటిని చేతి రంపంతో కోసి తీశారు. రేకు పళంగా తాళ్ళతో దించారు. కిందికి ఒక్కటీ విసరలేదు. ఒక పూటలో అయ్యే పని పూర్తి రోజు పట్టింది. ఆ రెండో పూట కూలీ మాకు అదనపు ఖర్చు. మధ్యాహ్నానికి చిన్న మేస్త్రే అన్నాడు, "అమ్మగారూ, ఇవాళ గొంతులో గరగర లేదండోయ్!"

సాయంత్రం మా బావి దగ్గరే ముగ్గురూ స్నానం చేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న వేరే బట్టలు కట్టుకుని వెళ్ళారు. పని బట్టలు నేనే నీళ్ళ బక్కెట్లో ముంచి పెట్టాను. మొదటి రోజు ముక్కలు, దుమ్ము తడిపి ఎత్తి, రెండేసి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పెరటి చివర ఎవరూ తవ్వని చోట లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. రాతినార మట్టిలో కుళ్ళదు, అయితే మట్టి కింద ఉన్నంతకాలం గాలిలోకి లేవదు. ఆ చోటు ఎక్కడో పిల్లలకి కూడా చూపించాం, రేపెవరైనా తెలియక తవ్వుతారేమోనని.

మీ ఇంట్లో పాత రేకులుంటే

● పగుళ్ళు లేని రేకుల జోలికి ఊరికే పోవద్దు. అవి ఉన్నంతవరకు ఉండనివ్వండి. అంచులు పొరలుగా లేస్తున్నా, పట్టుకుంటే పొడి రాలుతున్నా మార్చే ఆలోచన చేయండి.

● వేసవిలో చల్లదనానికి రేకుల మీద సున్నం కొట్టించేటప్పుడు పాకుడుని పొడిగా గీకించవద్దు. ఇనప బ్రష్షు అసలు వాడవద్దు. తడిపి, మెత్తగా తుడిచి పైన పూయించండి.

● రేకు మీద నేరుగా అడుగు వేయనీయకండి. పాత రేకు మనిషి బరువుకి ఒక్కసారిగా విరుగుతుంది. ఇలా పడి ప్రాణాలు పోగొట్టుకున్న పనివాళ్ళున్నారు. అడ్డంగా బల్ల వేయించండి.

● ఫ్యాను కొక్కేనికో, కేబుల్ వైరుకో, నీళ్ళ పైపుకో రేకులో కన్నం పెట్టించవద్దు. దూలానికో గోడకో తగిలించండి. తప్పనిసరైతే ఆ చోటు తడిపి, చేతి బర్మాతో నెమ్మదిగా పెట్టించండి.

● తువ్వాలు, చీరకొంగు, గుడ్డ మాస్కు ఈ దుమ్ముని ఆపలేవు. ముఖానికి బిగుతుగా పట్టే, సన్నటి దుమ్ముని ఆపే ఫిల్టరు మాస్కు అడిగి తీసుకోండి.

● రాలిన పొడిని చీపురుతో ఊడ్వవద్దు. తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డని కూడా సంచిలో పెట్టి కట్టేయండి.

● పని బట్టలు దులపవద్దు. నీళ్ళలో ముంచి, మిగతా బట్టలతో కలపకుండా ఉతకండి.

● విరిగిన ముక్కలు దారి గుంటల్లో పోయవద్దు. బళ్ళు తొక్కి మళ్ళీ దుమ్మవుతుంది. పొయ్యి చుట్టూ గాలికి అడ్డంగానూ, కోళ్ళగూటికీ వాడవద్దు. పిల్లలు వాటితో గీతలు గీసి ఆడుకోకుండా చూడండి.

● ఒడియాలు, మిరపకాయలు పాత రేకు మీద ఆరబెట్టే అలవాటుంటే మానేసి, మంచం మీదో పట్టా మీదో ఆరబెట్టుకోండి.

● పాత ఇళ్ళలో మరుగుదొడ్డి గాలిగొట్టం, వాననీటి గొట్టం కూడా ఆస్బెస్టాస్ సిమెంటువే అయి ఉండవచ్చు. వాటి విషయంలోనూ ఇవే జాగ్రత్తలు.

● కొత్తగా వేయించుకునేవారు దుకాణంలో "ఆస్బెస్టాస్ లేనిది ఇవ్వండి" అని నోరు తెరిచి అడగండి. నార మార్చి చేసిన సిమెంటు రేకులు, రంగు పూసిన లోహపు రేకులు ఉన్నాయి. మన పెంకు ఎప్పుడూ ఉండనే ఉంది.

● మీ ఇంట్లో ఎవరైనా ఏళ్ళ తరబడి ఈ పని చేసి ఉండి, దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టరుకి జబ్బుతో పాటు చేసిన పని కూడా చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఒక కాగితం

చివరి మాట అక్క చెప్పిందే. పెద్ద మేస్త్రిని తన దగ్గరికి తీసుకురమ్మంటూ, "ఫొటోలతో పాటు ఆయన ఏ ఏడు ఏ పని చేశాడో రాయించి తీసుకురా" అంది.

మా అరుగు మీద కూచుని ఆయన చెబుతుంటే నేను రూళ్ళ పుస్తకంలో రాశాను. కథలు రాసుకునే దాన్ని, మనుషులు చెప్పేది రాసుకోవడం నాకు అలవాటే. కానీ ఇది రాస్తుంటే చెయ్యి బరువెక్కింది. తుపానుకి ముందు రెండు కోళ్ళఫారాలు. తుపాను ఏడాది బళ్ళు, ఇళ్ళు లెక్కలేనన్ని. "ఆ సంవత్సరం చేతికి తీరిక లేదండి. జనానికి నీడ లేదు కదండీ" అన్నాడు. అందరికీ నీడ కల్పించిన మనిషి. ఆ జాబితాలో మా ఇల్లూ ఉంది. రెండు పేజీలు నిండాయి. ఫ్యాక్టరీ కార్మికులకి 40 ఏళ్ళపాటు ఉంచమని కోర్టు చెప్పిన లెక్క లాంటిది మా మేస్త్రికి ఇదొక్కటే.

ఆ కాగితాలు, ఫొటోలు అక్క చాలాసేపు చూసింది. ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో మచ్చలున్నాయంది. తాపీ పనిలో ఇసక దుమ్ము, సిమెంటు దుమ్ము కూడా ఉంటాయి కాబట్టి మొత్తం నేరం రేకుల మీద వేయలేనని కూడా చెప్పింది. పడ్డ మచ్చలు పోయే మందు లేదు. ఇంక దుమ్ములోకి వెళ్ళకుండా, బీడీ ముట్టకుండా, క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉంటే ఉన్న ఊపిరి నిలుపుకోవచ్చు. మేస్త్రి భార్యకి కూడా ఫొటో తీయించాం. శుభ్రంగా ఉంది. ఏడాదికోసారి వచ్చి కనపడమంది.

ఆవిడ మొన్న వచ్చింది. కొడుకు ఇప్పుడు రేకు పని ఒప్పుకుంటే ముందే చెబుతున్నాడట, "నీళ్ళు పెట్టాలండి, పూట ఎక్కువ పడుతుందండి" అని. కొందరు సరేనంటున్నారట, కొందరు వేరే మేస్త్రిని పిలుచుకుంటున్నారట.

వేరే మేస్త్రిని పిలిచే ముందు ఒక్కసారి ఆలోచించండి. మనకి మిగిలేది ఒక పూట కూలీ. ఆ దుమ్ము చొక్కా మీద మోసుకుని సాయంత్రం ఆ మనిషి వెళ్ళేది తన ఇంటికి. అక్కడ గుమ్మంలో ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని ఎదురుచూస్తూ ఉంటుంది.